చదవడం వచ్చిన పిల్లలకు చదివి వినిపించడం ఎందుకు?

పిల్లలకు చదవడం రానంతవరకే పెద్దలు చదివి వినిపించాలని, అక్షరాలు వచ్చాక ఆ పని పిల్లలే చేసుకోవాలని చాలామంది అనుకుంటారు. ఇళ్లలోనూ బడుల్లోనూ ఈ అలవాటు సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ఒకటి రెండు తరగతులు దాటేసరికి "నీకు చదవడం వచ్చుగా, నువ్వే చదువుకో" అన్న మాట వినబడుతుంది. ఆ మాటలో పిల్లల మీద నమ్మకం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ వయసులో వాళ్లు చదవగలిగేది వేరు, అర్థం చేసుకోగలిగేది వేరు అన్న సంగతి అందులో మరుగున పడిపోతుంది. ప్రాథమిక పాఠశాలకు వెళ్లి పిల్లలకు పుస్తకాలు చదివి వినిపించే స్వచ్ఛంద పాఠకులు చేసే పని విలువ తెలియాలంటే ముందుగా ఈ తేడా ఎంతటిదో, ఎన్నేళ్లు కొనసాగేదో తెలియాలి.

ఏడేళ్ల పిల్ల ఒక వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతున్నప్పుడు ఆమె శ్రద్ధ అంతా అక్షరాల మీదే ఉంటుంది. ఒక్కొక్క అక్షరాన్నీ గుర్తుపట్టి, వాటిని కలిపి మాటగా పలికి, ఆ మాటను పక్క మాటతో చేర్చుకుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మనసులోంచి జారిపోతుంది. అందుకే ఆ వయసు వారి వాచకాల్లో వాక్యాలు పొట్టిగా, మాటలు తెలిసినవిగా, విషయం తేలికగా ఉంటాయి. అలా ఉండడం అవసరం కూడా. కానీ అదే పిల్ల వినేటప్పుడు ఎంతో పొడవైన కథను, అందులోని మలుపులను, ఒక పాత్ర మనసులో ఒకటి పెట్టుకుని పైకి మరొకటి మాట్లాడడాన్ని సైతం ఇట్టే పట్టుకుంటుంది. చదివి అర్థం చేసుకునే శక్తి, విని అర్థం చేసుకునే శక్తిని అందుకోవడానికి సుమారు 8వ తరగతి దాకా పడుతుందని థామస్ స్టిక్ట్ అనే అమెరికన్ పరిశోధకుడి అధ్యయనాలు సూచించాయి. ఆ లెక్కన ప్రాథమిక పాఠశాలలో ఉన్నంతకాలమూ పిల్లల చెవి వాళ్ల కంటికంటే ముందు నడుస్తూనే ఉంటుంది. కంటికి అందే పుస్తకాలను మాత్రమే వాళ్ల చేతికిచ్చి ఊరుకుంటే, చెవికి అందగలిగిన భాష, ఆలోచన, అనుభవం అన్నీ అన్నేళ్ల పాటు వాళ్లకు దూరంగానే ఉండిపోతాయి.

ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చదువరితనాన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. రాతలో ఉన్నదాన్ని మాటలుగా మార్చుకోగలగడం ఒక శక్తి, ఆ భాషను వింటే గ్రహించగలగడం మరొక శక్తి. చదివి అర్థం చేసుకోవడం ఈ రెండింటినీ కూడితే వచ్చే మొత్తం కాదు, గుణిస్తే వచ్చే లబ్ధం. మొత్తమైతే ఒకటి తక్కువైనా రెండోది కొంత ఆదుకుంటుంది. లబ్ధం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మొదటి శక్తిని నేర్పడానికి బడిలో ఒక క్రమం, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, పాఠ్యప్రణాళిక ఉంటాయి. రెండోదాన్ని మాత్రం మాతృభాష కాబట్టి దానంతటదే వచ్చేస్తుందని వదిలేయడం పరిపాటి.

ఆ నమ్మకం సగమే నిజం. ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే భాష పిల్లలకు దానంతటదే వస్తుంది. పుస్తకంలోని భాష అలా రాదు. మాట్లాడుకునేటప్పుడు ఎదుటి వస్తువును చూపించవచ్చు, ముఖ కవళికలు సాయపడతాయి, సగం వాక్యంతోనే సంగతి అర్థమైపోతుంది. పుస్తకం రాసేవారికి ఆ సౌకర్యాలేవీ ఉండవు కాబట్టి చీకటి ఎంత చిక్కగా ఉందో, ఒకరి కోపం విసుగా ఆగ్రహమా అన్నదాన్ని మాటలతోనే చెప్పాలి. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ సంగతులను ఒకే పొడవైన వాక్యంలో ఇమడ్చవలసి వస్తుంది. డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ ఇంగ్లీషు భాష మీద చేసి 1988లో ప్రచురించిన లెక్క ఈ తేడాను స్పష్టంగా చూపింది. పట్టభద్రులైన పెద్దలు తమలో తాము మాట్లాడుకునే మాటల్లో ప్రతి 1000కి సుమారు 17 అరుదైన పదాలు ఉంటే, పిల్లల పుస్తకాల్లో ప్రతి 1000కి సుమారు 31 ఉన్నాయి. చదువుకున్న తల్లిదండ్రులున్న ఇంట్లో పెరిగే పిల్లలకైనా మంచి పిల్లల పుస్తకంలో దొరికినన్ని కొత్త మాటలు ఇంటి కబుర్లలో దొరకవన్నమాట. చదువుకునే అవకాశం లేని, ఉన్నా రోజంతా పనిలో గడిచిపోయే తల్లిదండ్రుల పిల్లలకు ఈ లోటు ఇంకెంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

వినడం వల్ల ఆ మాటలు నిజంగా వంటబడతాయా అన్నది తర్వాతి ప్రశ్న. న్యూజిలాండ్‌లో వార్విక్ ఎలీ చేసిన, 1989లో వెలువడిన ప్రయోగం దీనికి సమాధానమిస్తుంది. ఏడేళ్ల పిల్లలకు తరగతి గదిలో ఒక కథను కొద్దిరోజుల వ్యవధిలో కొన్నిసార్లు చదివి వినిపించి, అందులోని కొత్త మాటలు ఎన్ని తెలిశాయో ముందూ వెనకా పరీక్షించారు. మాటలకు అర్థం చెప్పకుండా చదివినా సుమారు 15 శాతం మెరుగుదల కనిపించింది. ఎనిమిదేళ్ల పిల్లలతో చేసిన మరో ప్రయోగంలో, చదువుతూనే మధ్యలో క్లుప్తంగా అర్థం చెప్పినప్పుడు ఆ మెరుగుదల ఒక కథ విషయంలో 40 శాతం వరకు వెళ్లింది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మొదట తక్కువ మాటలు తెలిసిన పిల్లలు కూడా ఎక్కువ తెలిసిన పిల్లలతో సమానంగా నేర్చుకున్నారు. బడిలో జరిగే చాలా పనుల్లో ముందున్నవారే ఇంకా ముందుకు పోతారు. వెనకబడ్డవారికి, బాగా చదివేవారికి ఒకే అన్నం ముద్దను సమంగా పంచగలిగిన పని ఇది. స్వచ్ఛంద పాఠకుల సమయాన్ని దీనికి కేటాయించాలనడానికి ఇంతకంటే బలమైన కారణం కనిపించదు.

అయితే ఈ పని ఏం చేయలేదో కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. చదివి వినిపించినంత మాత్రాన పిల్లలకు చదవడం రాదు. కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సాంటోబాన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగైదేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తూ వాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో పరికరంతో గమనించారు. చూపు దాదాపు పూర్తిగా బొమ్మల మీదే ఉంది, అచ్చు మీదికి వెళ్లిందే అరుదు. పక్కన కూర్చుని వింటే అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయన్న ఆశకు ఆధారం లేదు. అక్షరాలను, వాటి ధ్వనులను ఒక క్రమంలో నేర్పడం ఉపాధ్యాయుల పని, దానికి ప్రత్యామ్నాయం లేదు. కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయిన పిల్లలకు కావలసిన సాయం వేరు: ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, పిల్లలు చదువుతుంటే ఓపికగా వినడం. బ్రిటన్‌లో 1973లో మొదలైన ఒక స్వచ్ఛంద సంస్థ ఆ పనినే దశాబ్దాలుగా చేస్తోంది. పిల్లలు పెద్దలకు చదవడం, పెద్దలు పిల్లలకు చదవడం అనే ఈ రెండూ చూడటానికి ఒకే పనిలా ఉన్నా ప్రయోజనాలు వేరు. ఒకదాని ఫలితాన్ని రెండోదాని నుంచి ఆశించిన పాఠశాలలు సంవత్సరాంతంలో నిరాశపడి మొత్తం కార్యక్రమాన్నే మానుకుంటాయి.

మాటలతోపాటు లోకజ్ఞానం కూడా చెవి ద్వారానే ఎక్కువగా వచ్చే వయసు ఇది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ కొంచెం పెద్ద తరగతుల విద్యార్థులు 64 మందితో చేసిన ప్రయోగంలో బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగాన్ని చదివించారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే, చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలే ఆ భాగాన్ని మెరుగ్గా అర్థం చేసుకున్నారు. విషయం ముందే కొంత తెలిసి ఉండడం చదువుకు ఎంత అండగా నిలుస్తుందో దీనివల్ల తెలుస్తుంది. ఇంత తెలిసినా, స్వచ్ఛంద పాఠకులు తరగతిలోకి తెచ్చే పుస్తకాల్లో నూటికి తొంభై పాళ్లు కథలే ఉంటాయనిపిస్తుంది. చీమల పుట్ట లోపల ఏం జరుగుతుంది, ఓడ నీటి మీద ఎలా తేలుతుంది, పాతకాలపు మనుషులు నిప్పును ఎలా కాపాడుకున్నారు అన్న పుస్తకాలను ఎనిమిదేళ్ల పిల్లలు కథలంత ఆత్రంగానే వింటారు. కథ వద్దని కాదు. నాలుగు వారాల్లో ఒక వారమైనా ఇలాంటి పుస్తకానికి చోటు ఇవ్వాలి.

ఈ పనిని వ్యవస్థగా చేసిన చోట్లలో ఫ్రాన్స్ ముందు గుర్తుకొస్తుంది. అక్కడ 1999లో రచయిత అలెగ్జాండర్ జార్దాఁ చొరవతో మొదలైన కార్యక్రమంలో 50 ఏళ్లు దాటిన స్వచ్ఛంద సేవకులు చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టిన పిల్లలకు క్రమం తప్పకుండా చదివి వినిపిస్తారు. వయసు నిబంధన వెనుక ఉన్న ఆలోచన సామాన్యమైనది కాదు. తీరిక ఉన్న తరాన్ని, వినేవారు కావలసిన తరాన్ని ఒకచోట కూర్చోబెట్టడం ఇందులో ఉంది. జర్మనీలో 2004 నుంచి ఏటా నవంబరులో దేశమంతా ఒకరోజు చదివి వినిపించే దినం జరుపుతారు. 2010లో మొదలైన ప్రపంచ దినోత్సవం కూడా ఒకటి ఉంది. ఇలాంటి రోజులు ఈ పని వైపు నలుగురి దృష్టినీ తిప్పుతాయి, కొత్తవారిని చేరుస్తాయి. అయితే పేరున్న వ్యక్తి ఒకరోజు వచ్చి, ఒక పుస్తకం చదివి, ఫొటోలు దిగి వెళ్లిపోతే పిల్లలకు మిగిలేది ఆ రోజు జ్ఞాపకమే. పేరు లేని మనిషి ప్రతి మంగళవారం అదే వేళకు రావడం వేరు.

ఆ వేరు ఏమిటో చిన్న లెక్కతో చూడవచ్చు. వారానికి 20 నిమిషాల చొప్పున ఏడాదిలో 30 వారాలు చదివితే 600 నిమిషాలు, అంటే 10 గంటలు అవుతుంది. నిమిషానికి 80 మాటలు చదివినా ఏడాది చివరికి పిల్లల చెవిన పడేవి 48,000 మాటలు. అవి ఊరికే మాటలు కావు, ఒకరు ఎంతో శ్రద్ధగా రాసి, దిద్ది, పేర్చిన వాక్యాల్లోని మాటలు. ఈ లెక్కకు మరో వైపు కూడా ఉంది: ఏడాది మొత్తానికి 10 గంటలంటే బడిలో రెండు రోజుల చదువు కూడా కాదు. అందువల్ల స్వచ్ఛంద పాఠకులు ఒంటరిగా పిల్లల భాషను మార్చేయగలరని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. చదివిన పుస్తకాన్ని ఆ వారమంతా తరగతి గదిలోనే ఉంచి వెళ్లడం, అదే విషయం మీద మరో రెండు పుస్తకాలు పాఠశాల లైబ్రరీ నుంచి తీయించి పెట్టడం, మిగతా రోజుల్లో ఉపాధ్యాయులు పది నిమిషాలు చదివేలా మాట్లాడుకోవడం వంటివి తోడైతేనే ఆ 10 గంటలు పదింతలవుతాయి. తాము విన్న పుస్తకాన్నే పిల్లలు మళ్లీ చేతిలోకి తీసుకోవడం తరచుగా జరుగుతుంది. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరాలతో పెనుగులాట తగ్గి, సొంతంగా చదవడానికి ధైర్యం వస్తుంది.

ఎంచుకునే పుస్తకం వినేవారి చదువు స్థాయికి కాక వినికిడి స్థాయికి తగ్గట్టు ఉండాలి. పిల్లలు సొంతంగా చదువుకోగలిగిన పుస్తకాన్ని చదివి వినిపించడం సమయాన్ని వృథా చేయడమే. వాళ్లకు అందనంత ఎత్తులో ఉన్న కొమ్మను కిందికి వంచి పట్టుకోవడం కోసమే పెద్దవారు అక్కడ ఉన్నారు. పుస్తకాన్ని ఇంట్లో ముందుగా ఒకసారి పైకి చదివి చూసుకోవడం తప్పనిసరి. మౌనంగా చదివినప్పుడు బాగున్న వాక్యం నోటికి వచ్చేసరికి తడబడుతుంది, ఒక్కోసారి కథ మధ్యలో మరణమో హింసో ఎదురవుతుంది, లేదా కథనం ఏదో ఒక వర్గాన్నో రంగునో వైకల్యాన్నో తక్కువ చేసేదిగా ఉంటుంది. ముప్ఫై జతల కళ్లు చూస్తుండగా అలాంటి పేజీ మొదటిసారి కనబడితే సర్దుకోవడం కష్టం. అమెరికన్ బాలసాహిత్య పరిశోధకురాలు రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో పుస్తకాలను అద్దాలతోనూ కిటికీలతోనూ పోల్చారు: పిల్లలు తమలాంటి వారిని పుస్తకంలో చూసుకోగలగాలి, తమలా లేనివారి బతుకునూ అందులోంచి చూడగలగాలి. ఎంపిక చేసేవారు తమ చిన్నప్పటి ఇష్టమైన పుస్తకాలనే తెస్తూ పోతే ఈ రెండూ తప్పిపోయే ప్రమాదముంది.

చదివే తీరులో నటన కంటే నిదానం ముఖ్యం. మొదటిసారి వచ్చినవారు గొంతు మార్చడం, కేకలు పెట్టడం మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు. పిల్లలు ఆ కాసేపు నవ్వుతారు, కథ మాత్రం జారిపోతుంది. ఎక్కువమంది చేసే అసలు తప్పు వేగంగా చదవడం. వినేవారు మనసులో బొమ్మ కట్టుకోవాలి, కొత్త మాటను పక్క మాటల సాయంతో ఊహించుకోవాలి, పాత్ర ఎందుకలా చేసిందో ఆలోచించుకోవాలి. వీటన్నిటికీ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉండే కొద్దిపాటి నిశ్శబ్దమే చోటు. బొమ్మల పుస్తకమైతే పేజీ తిప్పే ముందు చివరి పిల్లకు కూడా బొమ్మ కనబడేదాకా ఆగాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే చదివేవారి ముఖం నీడలో పడిపోతుంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు పెదవుల కదలిక కనబడడం చాలా అవసరం కాబట్టి, వెలుగు ముఖం మీద పడేలా కూర్చోవడం, పుస్తకాన్ని నోటికి అడ్డు రానివ్వకపోవడం చిన్న విషయాలుగా కనిపించినా చిన్నవి కావు.

కొత్త మాట వచ్చినప్పుడు ఏం చేయాలన్నది తరచూ తలెత్తే సందేహం. ప్రతి మాట దగ్గరా ఆగితే కథ ముక్కలైపోతుంది, ఎక్కడా ఆగకపోతే ఎలీ ప్రయోగంలో కనిపించిన అదనపు లాభం పోతుంది. ఒక్కో పుస్తకానికి నాలుగైదు మాటలను ముందే ఎంచుకుని, వాటి దగ్గర మాత్రం గొంతు మార్చకుండా తెలిసిన మాటను పక్కనే చేర్చి ముందుకు సాగడం మేలు: "అతను తటపటాయించాడు, అంటే వెళ్లాలా వద్దా అని ఆగాడు" అంటే రెండు సెకన్ల కంటే పట్టదు. అదే పుస్తకాన్ని మళ్లీ చదవమని పిల్లలు అడిగితే విసుక్కోకూడదు. జెస్సికా హార్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, వేర్వేరు కథలు విన్నవారి కంటే అవే కథలను మళ్లీ మళ్లీ విన్నవారు కొత్త మాటలను బాగా నేర్చుకున్నారు. బడి పిల్లలు వాళ్లకంటే పెద్దవారే అయినా, మొదటిసారి ఏం జరుగుతుందోనన్న ఆత్రంతో విన్నవారు రెండోసారి ఎలా చెప్పారన్నది గమనిస్తారు.

కథ ముగియగానే ప్రశ్నలు మొదలుపెట్టడం ఈ పనిని చెడగొట్టే అలవాట్లలో మొదటిది. "ఇందులో నీతి ఏమిటి?" అన్న ప్రశ్న వినగానే అప్పటిదాకా కథలో ఉన్న పిల్లలు మళ్లీ పరీక్షలో కూర్చున్నట్టు సర్దుకుంటారు, పెద్దలు కోరుకునే జవాబు ఏదో ఊహించి అదే చెబుతారు. రాసినవారు వందల మాటల్లో చెప్పినదాన్ని ఒక్క వాక్యానికి కుదించమనడం కథకూ పిల్లలకూ అన్యాయం. మాట్లాడించకూడదని దీని అర్థం కాదు. అమెరికాలో 1985లో వెలువడిన పఠన సంఘం నివేదిక, చదవడంలో విజయానికి కావలసిన జ్ఞానాన్ని పెంచే పనుల్లో చదివి వినిపించడాన్ని అన్నిటికంటే ముఖ్యమైనదిగా పేర్కొంటూ, పిల్లలు అందులో చురుగ్గా పాలుపంచుకున్నప్పుడే ఎక్కువ మేలు కలుగుతుందని, పై తరగతుల్లోనూ దీన్ని కొనసాగించాలని చెప్పింది. "ఆమె తలుపు ఎందుకు తీయలేదంటావు?" వంటి ఒకే జవాబు లేని ప్రశ్న, ఆ తర్వాత పిల్లలు మాట్లాడేదాకా ఓపిగ్గా ఆగడం చాలు. ఎవరూ మాట్లాడకపోతే మౌనంగానే ఉండనివ్వాలి. మౌనంగా ఉన్న పిల్ల వారం తర్వాత గుమ్మం దగ్గర నిలబడి ఆ తలుపు సంగతి అడుగుతుంది.

కాళ్లు కదుపుతూ, నేల మీద గీతలు గీస్తూ వినే పిల్లలు వినడం లేదనుకోవడం మరో పొరపాటు. చేతికి కాగితం, రంగు పెన్సిలు ఇస్తే బొమ్మ గీసుకుంటూనే కథనంతా అప్పజెప్పగలిగిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నిటారుగా కూర్చుని చేతులు కట్టుకోవడం వినడానికి గుర్తు కాదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లల విషయంలో వాళ్ల ఇంటి భాషలో చదవగలిగిన స్వచ్ఛంద పాఠకులు దొరికితే అంతకంటే అదృష్టం లేదు; తమ అమ్మ మాట్లాడే భాష కూడా పుస్తకంలో అచ్చవుతుందని, బడిలో వినబడవచ్చని తెలియడమే ఆ పిల్లలకు గొప్ప గౌరవం.

నాలుగు, ఐదు తరగతుల వారికి ఒకే పెద్ద పుస్తకాన్ని వారం వారం ధారావాహికగా చదవడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఎక్కడ ఆపాలన్నది ముందే చూసుకుని, కథ ఉత్కంఠగా ఉన్న చోట ఆపితే వచ్చే వారం దాకా ఆ తరగతిలో అదే చర్చ. ఇక్కడే క్రమం తప్పకపోవడం అన్నది మర్యాదను మించిన అవసరమవుతుంది, ఎందుకంటే ఒక వారం రాకపోతే కథ తెగిపోతుంది. రికార్డు చేసిన గొంతు ఇంత సులువుగా దొరుకుతుండగా మనిషే ఎందుకు రావాలన్న ప్రశ్న న్యాయమైనదే. రికార్డుకు ఎదుటివారి ముఖం కనబడదు. ఒక పిల్ల కనుబొమ్మలు ముడిపడగానే ఆగి, వెనక్కి వెళ్లి, ఆ వాక్యాన్ని మళ్లీ చదవగలిగేది మనిషి మాత్రమే. పైగా జీతం కోసం కాకుండా, మార్కుల కోసం కాకుండా ఒక పెద్దమనిషి తమ కోసమే వచ్చి పుస్తకం తెరుస్తున్నారన్న సంగతిని పిల్లలు చాలా తొందరగా గుర్తుపడతారు.

పాఠశాల వైపు నుంచి తీసుకోవలసిన నిర్ణయాలూ కొన్ని ఉన్నాయి. ఈ సమయాన్ని ఆటల పీరియడ్ నుంచి తీయకూడదు. ఇష్టమైనదాన్ని లాక్కుని ఇచ్చిన కథ మీద ఇష్టం పుట్టదు. వెనకబడిన పిల్లలను మాత్రమే ఏరి పక్క గదికి పంపితే ఆ గదికి వెళ్లడమే అవమానమవుతుంది కాబట్టి తరగతి మొత్తానికి గానీ, అన్ని రకాల పిల్లలూ కలిసిన చిన్న గుంపులకు గానీ చదవాలి. ఆ 20 నిమిషాలూ ఉపాధ్యాయులు నోటుబుక్కులు దిద్దుకోవడానికి వాడుకోవడంలో తప్పు పట్టలేం, వాళ్ల పనిభారం అలాంటిది. అయినా వీలైనప్పుడు వాళ్లూ కూర్చుని వింటే ఇది తీరిక వేళ సరదా కాదని పిల్లలకు అర్థమవుతుంది.

పిల్లల భద్రత విషయంలో మొహమాటానికి తావు ఉండకూడదు. స్వచ్ఛందంగా వస్తామన్నవారి పూర్వాపరాలను పాఠశాల విచారించడం అనుమానం కాదు, బాధ్యత. మంచి ఉద్దేశంతో వచ్చేవారు దానికి నొచ్చుకోకూడదు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకపోవడం, పిల్లలతో ఫోన్ నంబర్లు, సోషల్ మీడియా పరిచయాలు పెట్టుకోకపోవడం, అనుమతి లేకుండా ఫొటోలు తీయకపోవడం, తీసినవాటిని ఎక్కడా పెట్టకపోవడం మొదటిరోజే స్పష్టం కావాలి. కథలో బాధపడిన పాత్రను చూసి ఒక పిల్ల తన ఇంట్లో జరిగే సంగతి చెప్పడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, గుచ్చి గుచ్చి ప్రశ్నించకూడదు. శాంతంగా విని, పాఠశాలలో ఆ బాధ్యత ఉన్నవారికి అదే రోజు తెలియజేయాలి. చదివిన పుస్తకాన్ని వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం తరగతిలో చదవడం లాంటిది కాదు, దానికి ప్రచురణకర్త అనుమతి కావాలి.

ఈ పనిలో చేరేటప్పుడు ఎన్ని నెలలు రాగలరో నిజాయితీగా చెప్పడం చాలా అవసరం. ఏడాది మొత్తం వస్తానని చెప్పి రెండు నెలలకు మానేయడం కంటే, పది వారాలే వస్తానని చెప్పి ఆ పది వారాలూ రావడం మంచిది, ఎందుకంటే పిల్లలు వారాలు లెక్కపెట్టుకుంటారు; పెద్దలు చెప్పకుండా మాయమైపోవడం కొందరు పిల్లలకు అప్పటికే ఇంట్లో అలవాటైన బాధ. రాలేని వారం గురించి ముందుగా చెప్పాలి, వీలైతే ధారావాహికలోని తర్వాతి భాగాన్ని ఉపాధ్యాయులకు అప్పగించాలి. చివరి వారం ఏదో పిల్లలకు కనీసం రెండు వారాల ముందే తెలియాలి. ఆ రోజున కొత్త పుస్తకం మొదలుపెట్టకుండా, ఏడాదిలో చదివినవాటిలో ఏది మళ్లీ వినాలో పిల్లలనే అడిగి, వాళ్లు ఎంచుకున్నదాన్నే చదివి, ఆ పుస్తకాన్ని తరగతి గదిలో వదిలి రావాలి.